తూర్పు ఆసియా లిపులలో గీతల సంకేతీకరణ

చైనా లిపి నుంచి పుట్టి జపాన్, కొరియా, వియత్నాం దేశాలకు పాకిన అక్షరాలను చేతితో రాసేటప్పుడు, కుంచె లేదా కలం కాగితానికి ఆనినది మొదలు పైకి లేచేదాకా పడిన ఆనవాలును ఒక గీతగా లెక్కిస్తారు. ఈ అక్షరాలను చైనీయులు హాన్‌జి అనీ, జపానీయులు కాంజి అనీ, కొరియన్లు హాంజా అనీ అంటారు. పేర్లు వేరైనా గీతల లెక్క అన్నిచోట్లా ఒకే పునాది మీద నడుస్తుంది. ‘ఒకటి’ని తెలిపే అక్షరం ఒకే ఒక అడ్డగీత. ‘నోరు’ను తెలిపే అక్షరం చూపుకు చతురస్రం కాబట్టి అందులో నాలుగు గీతలున్నట్టు తోస్తుంది గాని, ఉన్నవి మూడే: ఎడమ పక్క నిలువుగీత మొదటిది, పైన అడ్డంగా సాగి కలం ఎత్తకుండానే కుడి మూలలో కిందికి మళ్లేది రెండోది, అడుగును మూసే అడ్డగీత మూడోది. ఈ లెక్క తెలియని మనిషికి చైనీస్ నిఘంటువులో మాట వెతకడమే కష్టమవుతుంది.

గీత గురించి అడగదగిన ప్రశ్నలు ముఖ్యంగా నాలుగు: అది ఏ రకానిది, వరుసలో ఎన్నోది, అక్షరపు చదరంలో ఎక్కడ ఎంత పొడవుతో ఎంత మందంతో ఉంది, కలం ఏ దిక్కుకు కదిలింది. కంప్యూటర్‌లో నిలవ ఉండే మామూలు పాఠంలో వీటిలో ఒక్కదానికీ జవాబు ఉండదు. ‘నోరు’ అక్షరం యూనికోడ్‌లో 21475 అనే సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యను ఎంత తరచి చూసినా మూడు గీతలు బయటపడవు. గీతల సమాచారమంతా అక్షర సంకేతానికి వెలుపలే, నిఘంటు క్రమానికి ఒక తీరుగా, టైపు చేయడానికి ఇంకో తీరుగా, ముద్రణకు మరో తీరుగా, రాత నేర్పడానికి వేరొక తీరుగా పెరిగింది. ఒక అవసరానికి కూర్చినది మరో అవసరానికి చాలావరకు పనికిరాకపోవడం ఈ రంగపు చరిత్రలో పదేపదే ఎదురవుతుంది.

గీతల వర్గీకరణ

గీతలకు పేర్లు పెట్టే పని కంప్యూటర్ల కంటే ఎంతో పాతది. ‘శాశ్వతం’ అనే అర్థమున్న యోంగ్ అక్షరాన్ని నమూనాగా తీసుకుని, అందులోని ఎనిమిది కుంచె పోకడలను సాధన చేయించడం చైనా లిపికళలో సంప్రదాయం. నిఘంటుకారులకు కావలసింది పోకడల అందం కాదు, లెక్క. 1615లో మెయ్ యింగ్‌జువో కూర్చిన నిఘంటువు అక్షరాలను 214 మూలభాగాల కింద, అంటే అక్షరాలలో మళ్లీమళ్లీ వచ్చి వాటిని కుదురుగా విభజించడానికి పనికొచ్చే భాగాల కింద చేర్చి, ఒక్కో మూలభాగం కింది అక్షరాలను మిగిలిన గీతల సంఖ్యను బట్టి వరుసపెట్టింది. 47,035 అక్షరాలతో 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువు ఇదే పద్ధతిని పాటించడంతో అది స్థిరపడిపోయింది.

కంప్యూటర్ల కాలానికి వచ్చేసరికి చైనాలో బడులు, నిఘంటువులు, ప్రభుత్వ ప్రమాణాలు అన్నీ ఐదు వర్గాల మీద స్థిరపడ్డాయి: హెంగ్ అనే అడ్డగీత, షు అనే నిలువుగీత, ప్యె అనే ఎడమకు వాలే గీత, ద్యెన్ అనే చుక్క, జె అనే మలుపు గీత. వీటికి వరుసగా 1 నుంచి 5 దాకా అంకెలున్నాయి. కుడికి వాలుతూ చివర వెడల్పయ్యే ‘నా’ గీతను చుక్కతో కలిపి నాలుగో వర్గంలోనూ, కింది నుంచి పైకి ఎగిసే ‘తీ’ గీతను అడ్డగీతతో కలిపి ఒకటో వర్గంలోనూ, చివర కొక్కెమున్న నిలువుగీతను రెండో వర్గంలోనూ వేస్తారు. మిగిలిన వంపులూ మలుపులూ అన్నీ ఐదో వర్గంలో పడతాయి. ‘జా’ అనే ఒక అక్షరాన్ని రాస్తే ఈ ఐదు వర్గాలూ సరిగ్గా ఇదే క్రమంలో వస్తాయి కాబట్టి, క్రమాన్ని గుర్తుంచుకోవడానికి ఆ అక్షరాన్నే వాడుకుంటారు. 1999లో చైనా ప్రభుత్వ భాషా సంస్థలు 20,902 అక్షరాలకు రాత వరుసను ఈ అంకెలతో నిర్ణయించి ప్రమాణంగా ప్రకటించాయి. ఐదో వర్గం మరీ పెద్ద బుట్ట కావడంతో, 2001లో వచ్చిన మరో ప్రమాణం మలుపు గీతలను 25 రకాలుగా విడదీసింది.

ఈ పద్ధతిలో ‘నోరు’ అక్షరం 2, 5, 1 అవుతుంది. ఇంత పొదుపైన సంకేతంలో పోయేది ఏమిటో కొన్ని తేలిక అక్షరాలే చూపిస్తాయి. ‘పని’, ‘మన్ను’, ‘పండితుడు’ అనే అర్థాలున్న మూడు వేరువేరు అక్షరాలకూ సంకేతం 1, 2, 1. మూడింటిలోనూ పైన ఒక అడ్డగీత, మధ్యలో నిలువుగీత, అడుగున మరో అడ్డగీత ఉంటాయి; ‘పని’లో నిలువుగీత పై అడ్డగీత దగ్గర మొదలై కింది దాని దగ్గర ఆగుతుంది, మిగిలిన రెండింటిలో అది పై గీతను దాటి పైకి పొడుచుకొస్తుంది. ‘మన్ను’లో అడుగు గీత పొడవు, ‘పండితుడు’లో పై గీత పొడవు. అక్షరాన్ని మార్చేసేది పొడవు, చోటు, గీతల కలయిక అయినప్పుడు, రకాల వరుసను మాత్రమే నిలవచేసిన సంకేతం నుంచి అక్షరాన్ని తిరిగి గీయడం సాధ్యపడదు. వెతకడానికి మాత్రం అది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే మూడు అక్షరాలు ఒకేచోట దొరికితే వాటిలో కావలసినదాన్ని కన్ను ఏరుకుంటుంది.

అక్షరానికి ఒక సంఖ్య

1870లలో చైనాకు టెలిగ్రాఫ్ వచ్చినప్పుడే ఒక్కో అక్షరానికి నాలుగంకెల సంఖ్యను కేటాయించిన సంకేత పుస్తకాలు పుట్టాయి. నూరేళ్ల తరువాత కంప్యూటర్ ప్రమాణాలు కూడా అదే దారి పట్టాయి. 1978 నాటి జపాన్ ప్రమాణంలో 6,349 కాంజిలు, 1980 నాటి చైనా ప్రమాణం జీబీ 2312లో 6,763 హాన్‌జిలు, 1984లో తైవాన్‌లో వచ్చిన బిగ్-5లో 13,053 అక్షర స్థానాలు ఉన్నాయి. గీతలు సంకేతం లోపలికి రాకపోయినా, సంఖ్యలను పంచిపెట్టిన వరుసలో వాటి నీడ కనిపిస్తుంది. జీబీ 2312లో తరచుగా వాడే 3,755 అక్షరాలు ఉచ్చారణ క్రమంలోనూ, అరుదైన 3,008 అక్షరాలు మూలభాగాల క్రమంలోనూ ఉన్నాయి. బిగ్-5 రెండు అంచెలలోనూ అక్షరాలను గీతల సంఖ్య ప్రకారమే పేర్చింది. దాంతో ఒక్కో అంచెలోని అక్షరాలను వట్టి సంకేత సంఖ్యల ప్రకారం వరుసపెడితే చాలు, గీతల లెక్క ప్రకారం పేర్చిన జాబితా దానంతట అదే తయారవుతుంది. చైనాలో సభల జాబితాలలో, కమిటీల ప్రకటనలలో ఇంటిపేరులోని గీతల సంఖ్యను బట్టి పేర్లు వేయడం నేటికీ మర్యాద కాబట్టి ఈ వరుసకు విలువ తగ్గలేదు.

గీతలకే సంకేతాలిచ్చి, వాటిని కలిపి అక్షరాలను పుట్టించే పద్ధతిని ఎందుకు ఎంచుకోలేదన్న సందేహం సహజం. తెలుగుతో పోల్చి చూస్తే కారణం కొంత స్పష్టపడుతుంది. యూనికోడ్‌లో ‘క్ష’ ఒకే సంకేతం కాదు. కకారం, పొల్లు, షకారం అనే మూడు సంకేతాల వరుస, ఆ వరుసను కంటికింపైన ఒకే ఆకారంగా చూపడం ఫాంటు బాధ్యత. ఈ విభజన ధ్వని దగ్గర ఆగిపోయింది. తలకట్టు కంటికి విడిగా కనిపించే గీతే అయినా యూనికోడ్‌లో దానికి స్థానం లేదు. చైనా అక్షరాన్ని ధ్వని దగ్గర కోయడానికి వీలులేదు, కోస్తే ఆకారం దగ్గరే కోయాలి. అలా కోసిన ముక్కలు ఎక్కడా ఒకే కొలతలో ఉండవు. ‘నోరు’ ఆకారం ‘రుచి’ అనే అక్షరంలో ఎడమ పక్కన సన్నగా ఒదిగి ఉంటుంది, ‘పేరు’ అనే అక్షరంలో అడుగున వెడల్పుగా కూర్చుంటుంది, ‘వస్తువు’ అనే అక్షరంలో పైన ఒకటి, కింద రెండుగా మూడుసార్లు వస్తుంది. ప్రతి అక్షరానికీ ప్రతి గీత చోటు, పొడవు చెప్పుకుంటూ పోతే ఒక్క మాట రాయడానికి వందలాది సంఖ్యలు కావాలి. 1970లలోని యంత్రాలకు అది మోయలేని భారం, వెతకడానికీ పోల్చడానికీ అనుకూలం కూడా కాదు.

1992లో యూనికోడ్ చైనా, జపాన్, కొరియా ప్రమాణాలలోని అక్షరాలను ఏకం చేసి 20,902 స్థానాలను ఇచ్చింది. పాత గ్రంథాలలోని పేర్లు, ఊళ్లు, అరుదైన రూపాలు చేరుతూ వచ్చి 2023 నాటి 15.1 కూర్పులో ఆ సంఖ్య 97,680కి చేరింది. మొత్తాన్ని ఒక్కో సంఖ్యగా చూసే పద్ధతికి ఇది చెల్లించవలసిన మూల్యం: ఒక పాత శాసనంలో కొత్త అక్షరం దొరికిన ప్రతిసారీ, ఉన్న గీతలతోనే రాయగలిగినదైనా, అంతర్జాతీయ కమిటీ తీర్మానం కోసం ఎదురుచూడాలి.

గీతలకు యూనికోడ్ స్థానాలు

గీతలకు కూడా యూనికోడ్‌లో విడిగా స్థానాలు వచ్చాయి గాని, వాటి ప్రయోజనం వేరు. 2005లో 4.1 కూర్పులో హాంకాంగ్ ప్రభుత్వపు అనుబంధ అక్షర సమితిలో అప్పటికే ఉన్న 16 గీతలను చేర్చారు, 2008లో 5.1 కూర్పు మరో 20 చేర్చి సంఖ్యను 36కు పెంచింది, 2024లో 16.0 కూర్పు ఇంకో రెండింటిని కలిపింది. నిఘంటువులూ వ్యాకరణ గ్రంథాలూ పాఠ్యపుస్తకాలూ ఒక గీత గురించి మాట్లాడేటప్పుడు దాని బొమ్మను పాఠంలోనే చూపడానికి ఇవి పనికొస్తాయి. వీటిని పక్కపక్కన టైపు చేసినంత మాత్రాన అక్షరం ఏర్పడదు.

గీతలకు పెట్టిన పేర్లు కొంచెం వింతగా కనిపించినా తర్కం సులువైనదే. చైనీస్ పేర్ల రోమన్ వర్ణక్రమంలోని తొలి అక్షరాలనే జోడించారు: హెంగ్‌కు హెచ్, షుకు ఎస్, ప్యెకు పి, మలుపుకు జడ్, కొక్కేనికి జి, వంపుకు డబ్ల్యూ. ‘నోరు’లోని రెండో గీత అడ్డంగా సాగి మళ్లుతుంది కాబట్టి దాని పేరు హెచ్-జడ్. అన్నిటిలోకీ చిక్కైనది హెచ్-జడ్-జడ్-జడ్-జి. కలం అడ్డంగా మొదలై మూడుసార్లు మలుపు తిరిగి చివర కొక్కెంతో ఆగే ఈ గీత, చూపుకు రెండు మెట్లలా ఉన్నా, ఒక్క ఊపులో రాయవలసినది. జాబితా చివరి భాగంలో సున్నాను రాసే వలయానికి కూడా క్యూ అనే పేరుతో ఒక స్థానం ఇచ్చారు. చైనా లిపి మొత్తంలో పూర్తి వృత్తంగా ఉండే గీత దాదాపు అదొక్కటే.

ఒకే అడ్డగీతకు ఇప్పుడు యూనికోడ్‌లో మూడు స్థానాలున్నాయి. ‘ఒకటి’ అనే అక్షరంగా దాని సంఖ్య 19968, కాంగ్‌షీ నిఘంటువులోని మొదటి మూలభాగంగా 12032, హెంగ్ అనే గీతగా 12752. కంటికి మూడూ ఒకటే. పీడీఎఫ్ ఫైలు నుంచి పాఠాన్ని కాపీ చేసినప్పుడు కొన్నిసార్లు అక్షరానికి బదులు మూలభాగపు సంఖ్య రావడం, ఆ పాఠంలో మాట వెతికితే దొరకకపోవడం దీనివల్లనే. మూలభాగాన్ని అక్షరంగా మార్చే నియమం యూనికోడ్‌లో ఉంది కాబట్టి ఆ చిక్కును సరిదిద్దవచ్చు. గీతల స్థానాలకు అలాంటి నియమం లేదు, అవి చిహ్నాలుగానే మిగిలాయి.

అక్షరాన్ని గీతల స్థాయికి దిగకుండా భాగాల స్థాయిలో వర్ణించే మార్గం కూడా యూనికోడ్‌లో ఉంది. 1999లో 12 వర్ణన చిహ్నాలు వచ్చాయి: ఎడమ-కుడి, పైన-కింద, చుట్టూ-లోపల వంటి అమరికలను ఇవి తెలుపుతాయి. ‘మంచి’ అనే అక్షరాన్ని ఎడమ-కుడి చిహ్నం, దాని వెనుక ‘స్త్రీ’, ‘బిడ్డ’ అనే అక్షరాలు రాసి వర్ణించవచ్చు. 2023లో మరో ఐదు చిహ్నాలు చేరాయి. ఒక అక్షరం నుంచి ఒక భాగాన్ని తీసేయడాన్ని తెలిపే చిహ్నం వాటిలో ఒకటి. అప్పటికి వర్ణన చిహ్నాల అర నిండిపోవడంతో ఈ తీసివేత గుర్తును గీతల అరలో చివరి స్థానంలో కూర్చోబెట్టారు; ప్రమాణాల రచనలో పొందికకు ఉన్న పరిమితికి ఇదొక చిన్న సాక్ష్యం.

యూనికోడ్‌కు అనుబంధంగా ఉన్న యునిహాన్ సమాచార నిధిలో ఒక్కో అక్షరానికి మూలభాగం, మొత్తం గీతల సంఖ్య నమోదై ఉంటాయి. ఏకీకరణ వల్ల ఇక్కడొక ఇబ్బంది వచ్చింది. ‘ఎముక’ అక్షరానికి చైనాలోనూ జపాన్‌లోనూ తైవాన్‌లోనూ ఒకే సంకేతం. అయితే పైభాగంలోని చిన్న గడి చైనాలో ఎడమ పక్కన ఒకే మలుపు గీతతోనూ, మిగిలిన చోట్ల కుడి పక్కన రెండు గీతలతోనూ రాస్తారు. ఫలితంగా చైనాలో మొత్తం 9 గీతలు, జపాన్‌లోనూ తైవాన్‌లోనూ 10. గడ్డిని సూచించే మూలభాగం చైనా, జపాన్‌లలో మూడు గీతలు, తైవాన్ ప్రమాణంలో నాలుగు. అందుకే మొత్తం గీతల గడిలో రెండు విలువలు రాయడానికి అనుమతి ఉంది. మొదటిది చైనా వాడుకకు, రెండోది తైవాన్ వాడుకకు.

మీటల మీద గీతలు

అక్షరాన్ని యంత్రానికి తెలియజేయడంలో గీతల వరుసకు అక్షర సంకేతంలో దక్కని చోటు దక్కింది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో పనిచేసిన శామ్యూల్ కాల్డ్‌వెల్, ఈ అక్షరాలను రాయడానికి ఒక కచ్చితమైన గీతల క్రమం ఉంటుందని తన చైనీస్ విద్యార్థుల ద్వారా తెలుసుకుని, ఆ క్రమమే ఒక రకం వర్ణక్రమమని గ్రహించాడు. 1959లో ఆయన ప్రకటించిన సైనోటైప్ అనే యంత్రంలో ఇరవై పైచిలుకు మూల గీతలకు మీటలుండేవి. అక్షరంలోని గీతలన్నీ కొట్టనవసరం లేదు. మొదటి కొన్ని గీతలు పడేసరికే మిగిలిన అక్షరాలన్నీ తప్పుకుని కావలసినది ఒక్కటీ మిగిలేది. ఆ యంత్రం గీతలను కలిపి అక్షరాన్ని తయారుచేయలేదు, ముందే నిలవ ఉన్న అక్షర చిత్రాలలో ఒకదాన్ని వెతికి తీసేది. గీతలు నిర్మాణ సామగ్రిగా కాక వెతుకులాటకు తాళంచెవిగా పనిచేయగలవన్న ఈ గ్రహింపు తరువాతి పద్ధతులన్నిటికీ మూలం.

తైవాన్‌లో చు బాంగ్‌ఫూ 1976లో రూపొందించి, తరువాత పౌరాణిక లిపికర్త పేరు మీదుగా త్సాంగ్‌జియే అని ప్రసిద్ధమైన పద్ధతి గీతల కంటే పెద్ద ముక్కలను వాడుకుంది. దానిలో ఒక అక్షరానికి గరిష్ఠంగా ఐదు మీటలు. చైనాలో వాంగ్ యోంగ్‌మిన్ 1983లో తీర్చిదిద్దిన వూబీ పద్ధతి మీటల పలకనే గీతల ప్రకారం విభజించింది. 25 మీటలను ఐదు మండలాలు చేసి, మొదటి గీత అడ్డమైతే ఒక మండలం, నిలువైతే ఇంకొకటి, ఇలా భాగాలను పంచారు. ఎంతటి అక్షరమైనా నాలుగు మీటలకు మించదు. నేర్చుకోవడానికి కొన్ని వారాల కసరత్తు కావాలి గాని, చేయి తిరిగినవారి వేగాన్ని ఉచ్చారణ పద్ధతులు చాలాకాలం అందుకోలేకపోయాయి. తొలినాటి సెల్‌ఫోన్లలో మీటలు కొద్దే కాబట్టి ఐదు వర్గాల పద్ధతి యథాతథంగా దిగింది: 1 నుంచి 5 దాకా గీతలు, 6 మాత్రం గుర్తురాని గీతకు బదులు. రోమన్ ఉచ్చారణ తెలియని పెద్దవాళ్లకు ఇది అనుకూలంగా ఉండేది.

ఇప్పుడు చైనాలో ఎక్కువమంది ఉచ్చారణను రోమన్ లిపిలో కొట్టి, ఎదుట కనిపించే వరుసలోంచి అక్షరాన్ని ఏరుకుంటారు. గీతలతో పని లేకుండానే రాత నడుస్తున్నందువల్ల, కలం చేతబట్టినప్పుడు తెలిసిన అక్షరమే తోచకపోవడం అక్కడ పత్రికలలో తరచు చర్చకు వచ్చే సమస్య.

ఆకారాన్ని నిలవచేయడం

తెర మీదా కాగితం మీదా అక్షరం కనిపించాలంటే దాని ఆకారం ఎక్కడో ఉండాలి. మొదట దాన్ని చుక్కల చట్రంగా దాచారు. అడ్డం 16, నిలువు 16 చుక్కల చట్రంలో ఒక అక్షరానికి 32 బైట్లు, జీబీ 2312 మొత్తానికి 2,16,416 బైట్లు. చిక్కు అక్షరాలలో గీతలు గీతల మీద పడి పూడిపోతాయి కాబట్టి, అంత చిన్న చట్రంలో కొన్ని గీతలను వదిలేసి అక్షరపు పోలిక మాత్రం నిలిపేవారు. పత్రికల ముద్రణకు అది చాలదు. అడ్డం నిలువు వంద చుక్కల చట్రమైతే అవే అక్షరాలకు 84 లక్షల బైట్లకు పైగా కావాలి. అదీ ఒకే ముఖానికి, అంటే ఒకే అక్షర శైలికి, ఒకే కొలతకు. పత్రికకు పలు ముఖాలూ పది పన్నెండు కొలతలూ అవసరం.

1974లో చైనా ప్రభుత్వం తలపెట్టిన 748 పథకం కింద పెకింగ్ విశ్వవిద్యాలయంలో వాంగ్ ష్వాన్ ఈ సమస్యకు గీతల స్వభావంలోనే పరిష్కారం చూశాడు. పత్రికలలో వాడే సోంగ్ ముఖంలో అడ్డగీతలన్నీ సన్నగా ఉండి కుడి చివర చిన్న త్రికోణంతో ముగుస్తాయి. నిలువుగీతలు మందంగా, పై చివర ఏటవాలు కోతతో ఉంటాయి. ఇలాంటి క్రమబద్ధమైన గీతలకు అంచులన్నీ దాచనవసరం లేదు; మొదలయ్యే చోటు, పొడవు, మందం, తల ఆకారపు సంఖ్య, కాలి ఆకారపు సంఖ్య చాలు. వాలు గీతలు, చుక్కల వంటి క్రమం తప్పినవాటిని మాత్రమే అంచుల వెంట నడిచే రేఖాఖండాలుగా దాచారు. నిలవ తగ్గడమే కాక ఇంకో లాభం కలిగింది: అక్షరాన్ని చిన్నది చేసినప్పుడు ఒక అడ్డగీత రెండు చుక్కల మందంతోనూ పక్కది ఒక చుక్కతోనూ పడే వికారం, మందాన్ని విడి విలువగా ఉంచినందువల్ల తప్పింది. 1979లో ఈ వ్యవస్థ మీద మొదటి పత్రిక పుట నమూనా వెలువడింది, 1987లో ‘ఎకనామిక్ డైలీ’ దినపత్రిక సీసపు అక్షరాలను వదిలి దీనికి మారింది, 2001 సంవత్సరానికి వాంగ్ ష్వాన్‌కు చైనా అత్యున్నత శాస్త్ర సాంకేతిక పురస్కారం దక్కింది. గీతల సంకేతీకరణలో దేశమంతటి ముద్రణనూ మార్చేసిన ఘట్టం ఇదొక్కటే అనడం అతిశయోక్తి కాదు.

అమెరికాలో ఆలెన్ హెర్షీ 1967 నాటికే నౌకాదళ పరిశోధనశాలలో రోమన్, గ్రీకు అక్షరాలతో పాటు కాంజిలను కూడా సరళరేఖల వరుసలుగా నమోదు చేశాడు. డొనాల్డ్ కనూత్ రూపొందించిన మెటాఫాంట్ వ్యవస్థతో జాన్ హాబీ, గు గ్వోఆన్ 1984లో ప్రకటించిన ప్రయోగం మరింత లోతైనది. గీత నడిచే మధ్యరేఖను అస్థిపంజరంగా ఉంచి, దాని మీద కుంచె మందాన్ని వేసే 14 ఉపక్రమాలతో మూల గీతలన్నిటినీ గీయించి, ఆ గీతలతో మూలభాగాలనూ, వాటితో అక్షరాలనూ నిర్మించారు. విలువలు మారిస్తే అదే అక్షరం వేరే ముఖంలో వచ్చేది. పద్ధతి అందమైనదే గాని వేల అక్షరాలకు విస్తరించలేదు. చేయి తిరిగిన అక్షరశిల్పి ఒకే భాగాన్ని ఒక్కో అక్షరంలో చుట్టూ ఉన్న ఖాళీని చూసి కొద్దికొద్దిగా సవరిస్తాడు, ఆ సవరణలను సూత్రాలకు లొంగదీయడం తేలిక కాదు.

నేటి ఫాంట్లలో ఎక్కువ భాగం అక్షరపు వెలుపలి అంచును మాత్రమే దాస్తాయి. ఒకదాన్నొకటి ఖండించే గీతలు కలిసిపోయి ఒకే నల్లని ఆకారమవుతాయి, ఎక్కడ ఒక గీత ఆగి మరొకటి మొదలైందో ఫైలును చూసి చెప్పలేము. తైవాన్‌లో వచ్చిన పాత మింగ్‌లియు వంటి కొన్ని ట్రూటైప్ ఫాంట్లు మాత్రం చోటు కలిసిరావడానికి గీతలను విడి ముక్కలుగా ఉంచి, అక్షరాన్ని గీసే సమయంలో ఫాంటులోని ఆజ్ఞల చేత వాటిని సరైన చోట్లకు జరిపించేవి. ఆ ఆజ్ఞలు అసలు చిన్న కొలతల్లో అంచులను చక్కదిద్దడానికి ఉద్దేశించినవి, వాటిని పాటించకపోయినా అక్షరం చెడకూడదు. ఈ ఫాంట్లలో పాటించకపోతే గీతలు చెల్లాచెదురై అక్షరం గుర్తుపట్టరాకుండా పోతుంది. అక్షరాలను గీసే ఫ్రీటైప్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఇలాంటి ఫాంట్ల జాబితాను తన మూల కోడ్‌లోనే రాసిపెట్టుకుని, వాటికి ఆజ్ఞలను తప్పనిసరి చేసింది. ఒకే ఫాంటు ఫైలులో 65,535కు మించి ఆకారాలు పట్టవన్న పరిమితి కూడా ఉంది. 2014లో అడోబీ, గూగుల్ కలిసి విడుదల చేసిన సోర్స్ హాన్ సాన్స్ ఆ హద్దు దాకా నిండినదే.

భాగాలనూ గీతలనూ విడిగా ఉంచి అక్షరాన్ని కూర్చే ఆలోచన ఇంటర్నెట్ కాలంలో రెండు రూపాలలో తిరిగొచ్చింది. వెన్‌లిన్ సంస్థకు చెందిన అక్షర వర్ణన భాష 128 యూనిట్ల చదరంలో ఒక్కో గీతకు రకాన్నీ బిందువులనూ, ఒక్కో భాగానికి అది పట్టే చోటునూ చెబుతుంది. జపాన్‌లో పుట్టిన గ్లిఫ్‌వికీ అనే వెబ్‌సైటు వాడే కాగే యంత్రాంగంలో 200 యూనిట్ల చదరం ఉంటుంది. 1:0:0:20:100:180:100 అని రాస్తే మొదటి అంకె సరళరేఖ అనీ, తరువాతి రెండు మొదలు తుదల ఆకారాలనీ, మిగిలినవి చదరం నడుమ ఎడమ నుంచి కుడికి సాగే గీత కొసలనీ అర్థం. మొదటి అంకె స్థానంలో 99 ఉంటే అక్కడ మరో అక్షరాన్ని భాగంగా తెచ్చి కూర్చాలి. అరుదైన అక్షరం ఏదైనా ఇలా కొన్ని వరుసల అంకెలతో ఎవరైనా చేర్చవచ్చు. తయారైన ఆకారాలు వృత్తి శిల్పుల పనికి సాటిరావు గాని, యూనికోడ్‌లో ఇంకా చోటు దొరకని అక్షరాన్ని అచ్చులో చూపడానికి సరిపోతాయి.

వరుస, కదలిక

రాత నేర్పే సాఫ్ట్‌వేర్‌కు అంచులతో పని తక్కువ, కలం దారి ముఖ్యం. కాంజివీజీ అనే స్వేచ్ఛా సమాచార నిధిలో ఒక్కో కాంజికి ఎస్‌వీజీ అనే రేఖాచిత్రపు ఫైలుంటుంది. 109 యూనిట్ల చదరంలో ఒక్కో గీత మధ్యరేఖ రాసే వరుసలో, రాసే దిక్కులో నమోదై ఉంటుంది. గీత ఏ రకానిదో చెప్పడానికి యూనికోడ్‌లోని గీతల స్థానాలనే వాడటం విశేషం. ఆ స్థానాలకు దొరికిన నిజమైన ఉద్యోగాలలో ఇదొకటి. మేక్ మీ ఎ హాన్‌జి అనే మరో నిధి 9,000కు పైగా చైనీస్ అక్షరాలకు గీతల అంచులనూ మధ్యరేఖలనూ రెండింటినీ ఇస్తుంది. ఫాంటులో కలిసిపోయిన గీతలను మళ్లీ విడదీసి తయారుచేసినది కాబట్టి, తెర మీద గీత తరువాత గీత కుంచె రాతలా నింపుతూ చూపడానికి దీన్ని చాలా పాఠ్య సాఫ్ట్‌వేర్లు వాడుకుంటున్నాయి.

మనిషి తెర మీద వేలితో రాసినప్పుడు సమాచారం మరో రూపంలో పుడుతుంది: కలం ఆనిన చోటు నుంచి లేచేదాకా వచ్చే బిందువుల వరుస. ఇలాంటి రాతను నమోదు చేయడానికి 2011లో ప్రపంచ వెబ్ సంఘం ఇంక్‌ఎంఎల్ అనే ప్రమాణాన్ని ఆమోదించింది. గుర్తుపట్టే తొలి పద్ధతులు గీతల సంఖ్యనూ వరుసనూ నిఘంటువుతో పోల్చేవి. పాఠశాల దస్తూరీకి అవి సరిపోయాయి గాని, త్వరగా రాసేవారు రెండు మూడు గీతలను కలిపేయడం, వరుస తప్పడం సామాన్యం కాబట్టి నిత్యజీవితపు రాత ముందు తేలిపోయాయి. తరువాతి పద్ధతులు కలం దారిని ఎనిమిది దిక్కుల పటాలుగా మార్చి వరుసను పక్కనపెట్టాయి. చైనా శాస్త్ర అకాడమీకి చెందిన స్వయంచాలన సంస్థ 1,020 మంది చేతిరాత నుంచి 7,185 హాన్‌జిలతో సహా 7,356 వర్గాలకు సుమారు 39 లక్షల నమూనాలు సేకరించి విడుదల చేయడంతో నేర్చుకునే యంత్రాలకు మంచి మేత దొరికింది.

వరుస విషయంలో దేశాల మధ్య ఏకాభిప్రాయం లేదు. ‘కుడి’, ‘ఎడమ’ అనే రెండు అక్షరాల పైభాగం ఒకటే: ఒక అడ్డగీత, దాన్ని ఖండిస్తూ ఎడమకు వాలే గీత. చైనాలో రెండింటికీ అడ్డగీతే ముందు. జపాన్ బడుల్లో ‘ఎడమ’కు అడ్డగీత ముందు, ‘కుడి’కి వాలు గీత ముందు అని నేర్పుతారు; దాన్ని తారుమారు చేసి రాసిన విద్యార్థికి మార్కులు తగ్గడమూ ఉంది. ఐదు అంకెల పద్ధతిలో చూస్తే చైనాలో ‘కుడి’ 1, 3, 2, 5, 1 అవుతుంది, జపాన్ వరుసలో 3, 1, 2, 5, 1. యూనికోడ్‌లో మాత్రం ఇద్దరికీ అదే 21491. 2021 మార్చి 1 నుంచి చైనాలో అమలులోకి వచ్చిన కొత్త ప్రమాణం 8,105 వాడుక అక్షరాలకు గీతల వరుసను మళ్లీ అచ్చువేసింది. అది జపాన్ బడులకూ తైవాన్ బడులకూ వర్తించదు కాబట్టి, గీతల వరుసను చూపించే సాఫ్ట్‌వేర్ ఒకే సంకేతానికి దేశానికొక ఫైలును వేరుగా ఉంచుకుంటుంది, చదువరి ఏ దేశపు బడిలో నేర్చుకున్నాడో ముందుగా అడుగుతుంది.